కారు లైట్లు, డాష్‌బోర్డు వెలుగు: లోపం ఎక్కడుందో ఇంటి దగ్గరే ఎలా పట్టుకోవాలి?

ఒకవైపు హెడ్‌లైటు వెలగడం లేదు. కొత్త బల్బు వేసినా నెల తిరక్కుండానే మాడిపోతోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమంటోంది. రాత్రిపూట స్పీడోమీటరు అంకెలు కనిపించడం లేదు. కారు నడిపేవారు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవే. వీటికి షెడ్డులో దొరికే మొదటి సమాధానం చాలాసార్లు ‘బల్బు మార్చేద్దాం’ అనో, ‘స్విచ్ పోయింది’ అనో ఉంటుంది. బల్బు దాకా కరెంటును తీసుకెళ్లే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), హోల్డర్‌లలో గానీ, దాన్ని తిరిగి బ్యాటరీకి చేర్చే బాడీ ఎర్త్‌లో గానీ ఎక్కడో ఒకచోట పట్టు సడలినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఆ చోటు తెలియకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ఏ పనిముట్టూ పట్టుకోకముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఏయే లైట్లు కలిసి ఆరిపోయాయి? కలిసి ఆరిన లైట్లు సాధారణంగా ఒకే ఫ్యూజునో, ఒకే రిలేనో, ఒకే ఎర్త్‌నో పంచుకుంటాయి. ఒక్కటే ఆరితే లోపం ఎక్కువగా ఆ లైటు దగ్గరే ఉంటుంది. ఈ వ్యాసంలోని దశలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. ఇవి ముఖ్యంగా 12 వోల్టుల బ్యాటరీ, హాలోజన్ బల్బులు ఉన్న పెట్రోలు, డీజిలు కార్లకు వర్తిస్తాయి. కంపెనీయే ఎల్ఈడీ దీపాలు బిగించిన కార్లలో బల్బు మార్పిడి ఉండదు గానీ ఫ్యూజు, ఎర్త్, డాష్‌బోర్డు పరీక్షలు అవే.

కావలసినవి

- కారుతో వచ్చిన యజమాని పుస్తకం. ఫ్యూజు పెట్టె పటం, బల్బుల రకాలు అందులోనే ఉంటాయి.
- డిజిటల్ మల్టీమీటర్. అది లేకపోతే 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు (మొన తాకిన చోట కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం).
- సరిగ్గా అదే రకం, అదే వాటేజి ఉన్న బల్బులు. అదే ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి.
- ఫిలిప్స్, చదును స్క్రూడ్రైవర్లు, 10 మి.మీ. స్పానర్, ఫ్యూజు లాగే చిన్న ప్లాస్టిక్ పట్టకారు.
- సన్న ఎమెరీ పేపర్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, కొంచెం పెట్రోలియం జెల్లీ.
- మీటరు పొడవు మందపాటి వైరు ముక్క, శుభ్రమైన పొడి గుడ్డ.
- బయట నిలబడి చూసి చెప్పడానికి ఒక మనిషి. ఎవరూ లేకపోతే కారును గోడకు దగ్గరగా ఆపి, గోడ మీద పడే వెలుగు చూసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

హాలోజన్ బల్బు ఆరిన చాలాసేపటికి గానీ చల్లారదు. కనీసం పావుగంట ఆగండి. జెనాన్ హెచ్ఐడీ దీపాల్లో వెలిగే క్షణంలో వేల వోల్టులు పుడతాయి కాబట్టి వాటిని ఇంటి దగ్గర విప్పకండి. స్టీరింగు కింద, డాష్‌బోర్డు వెనక కనిపించే పసుపు రంగు వైర్లు, పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి టెస్ట్ ల్యాంపు గానీ, మీటరు గానీ తాకించకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలే వెళ్లకండి. బ్యాటరీ తీగ విప్పాల్సివస్తే ముందు నెగెటివ్ విప్పి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి.

1. లైట్లన్నీ వెలిగించి కాగితం మీద రాసుకోండి

సాయంత్రం చీకటి పడుతుండగా కారును చదునైన చోట ఆపి తాళం ఆన్ చేయండి. పార్కింగ్ లైట్లు, డిప్, హై బీమ్, నాలుగు మూలల ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వెనక అద్దం దగ్గరి మూడో బ్రేక్ లైటు, రివర్స్ లైటు, నంబరు ప్లేటు లైటు, ఫాగ్ ల్యాంపులు, డాష్‌బోర్డు వెలుగు, ఏసీ మీటల వెనక వెలుగు: ఒక్కొక్కటే వేసి వెలిగింది, ఆరింది, మసకగా ఉంది అని మూడు మాటల్లో రాసుకోండి. రెండు స్విచ్చులు కలిపి వేసినప్పుడు ఏం జరుగుతోందో కూడా చూడండి. అంటే పార్కింగ్ లైట్లు వెలుగుతుండగా బ్రేకు తొక్కండి, బ్రేకు తొక్కి ఉంచి ఇండికేటర్ వేయండి. ఎర్త్ లోపాలు ఒంటరి పరీక్షలో దొరక్కపోవచ్చు, ఇలా జంటగా చూసినప్పుడు బయటపడతాయి.

రాసుకున్నదాన్ని ఇలా చదవండి. ఒక్క లైటు మాత్రమే ఆరితే దాని బల్బు, హోల్డర్ చూడాలి. వెనక ఒక మూలలోని రెండు మూడు లైట్లు కలిసి వింతగా ప్రవర్తిస్తే ఆ మూల ఎర్త్ చూడాలి. టెయిల్ లైట్లు, నంబరు ప్లేటు లైటు, డాష్‌బోర్డు వెలుగు ఒకేసారి పోతే పార్కింగ్ లైట్ల ఫ్యూజు చూడాలి. రెండు వైపులా డిప్ పోయి హై బీమ్ బాగుంటే రిలే, స్విచ్ చూడాలి. అయితే ఒక బల్బు ఎప్పుడో మాడి, మీరు గమనించకుండానే రెండోదీ ఇప్పుడు మాడి ఉండవచ్చు కాబట్టి ముందు బల్బులు చూడటం మంచిది. అన్ని లైట్లూ మసకగా ఉంటే లోపం లైట్లలో లేదు, బ్యాటరీ దగ్గరో, దాన్ని ఛార్జ్ చేసే డైనమో దగ్గరో ఉంది.

2. బ్యాటరీ, డైనమో వోల్టేజి చూడండి

రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 అంటే దాదాపు సగం దిగిపోయినట్టు. ఇంజను స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేశాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో డైనమో అవసరాన్ని బట్టి ఛార్జింగును తగ్గించుకుంటుంది కాబట్టి లైట్లు వేయకుండా చూసిన అంకెను నమ్మకండి.

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లైట్లు కుంగి, యాక్సిలరేటర్ నొక్కగానే పెరుగుతుంటే బెల్టు వదులైందో, బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి చేరిందో చూడండి. అవి బాగుంటే డైనమోను పరీక్ష చేయించాలి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. బల్బులు తరచూ మాడిపోయే కారులో మీటరు 15 వోల్టులు దాటి చూపిస్తే డైనమో వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడైనట్టే. అది సరిచేయకుండా ఎన్ని బల్బులు వేసినా అన్నీ మాడిపోతాయి, బ్యాటరీ కూడా పాడవుతుంది.

3. ఫ్యూజు, రిలే

ఫ్యూజు పెట్టెలు సాధారణంగా రెండు ఉంటాయి: ఒకటి బోనెట్ కింద, ఒకటి స్టీరింగు దగ్గర డాష్‌బోర్డు కింద. ఫ్యూజు రంగు దాని బలాన్ని చెబుతుంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కంటితో చూస్తే బాగున్నట్టు కనిపించే ఫ్యూజులో కూడా వెంట్రుకవాసి పగులు ఉండవచ్చు. అందుకని దాన్ని లాగకుండానే పరీక్షించండి. ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. సంబంధిత స్విచ్ ఆన్ చేసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పును బాడీకి తగిలించి, మొనను ఒక్కో చుక్కకు తాకించండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు మంచిది. ఒక చోటే వెలిగితే పోయింది. రెండు చోట్లా వెలగకపోతే అసలు ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది వేయండి. అది కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఇక మూడోది వేయకండి. పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండిరేకు చుట్టడం, రాగి తీగ కట్టడం వంటి పనులు వైరింగును తగలబెట్టడానికి దారి తీస్తాయి. వైరు కాలకముందే తాను కాలిపోవడం కోసమే ఫ్యూజు ఉన్నది.

రిలే అనుమానం ఉంటే, అదే పెట్టెలో అదే నంబరు ముద్రించిన మరో రిలే, ఉదాహరణకు హారన్‌ది, తీసి దీని స్థానంలో పెట్టి చూడండి. లైటు వెలిగితే లోపం దొరికినట్టే.

4. బల్బు మార్చడం

మన దేశంలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది హెచ్4 బల్బు. ఒకే గాజులో డిప్‌కు 55 వాట్ల తీగ (ఫిలమెంటు), హై బీమ్‌కు 60 వాట్ల తీగ ఉంటాయి. వెనక మూడు రేకులున్న కప్లర్ లాగి, రబ్బరు బూటు తీసి, తీగ క్లిప్పు పక్కకు తప్పిస్తే బల్బు చేతికి వస్తుంది. దాని అంచున మూడు చెవులుంటాయి. అవి గాడిలో ఒకే ఒక్క విధంగా కూర్చుంటాయి. బలవంతంగా నొక్కాల్సి వచ్చిందంటే తప్పు కోణంలో పెడుతున్నారని అర్థం. చెవులు కూర్చోకుండా క్లిప్పు వేస్తే లైటు వెలుగుతుంది గానీ కిరణం చెట్ల మీదికి పోతుంది.

గాజును వేళ్లతో ముట్టుకోకండి. చర్మపు జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రబ్బరు బూటును అంచుల చుట్టూ వేలితో తడిమి, అంతటా కూర్చుందో లేదో చూడండి. లోపలికి తేమ చేరడానికి ఆ బూటు సరిగా కూర్చోకపోవడం పెద్ద కారణం.

వెనక టెయిల్, బ్రేక్ లైట్లకు చాలా కార్లలో 21/5 వాట్ల రెండు తీగల బల్బు ఉంటుంది. దాని పక్కన ఉండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు. తిరగేసి బలవంతంగా తిప్పితే పార్కింగ్ లైటు బ్రేక్ లైటంత ప్రకాశంగా వెలిగి, బ్రేకు తొక్కినప్పుడు తేడా కనిపించదు. వెనక వచ్చే వాహనానికి మీరు ఆగుతున్నారని తెలిసే దారే మూసుకుపోతుంది.

5. కప్లర్, హోల్డర్ పరిశీలన

కొత్త బల్బు వేసినా వెలగకపోయినా, మసకగా వెలిగినా కప్లర్‌ను వెలుతురులోకి తిప్పి లోపలికి చూడండి. చాలాకాలం నడిచిన కారులో హెచ్4 కప్లర్ మూడు గాళ్లలో ఒకటి, ఎక్కువగా డిప్‌ది, గోధుమ రంగుకు తిరిగి, అంచు మెత్తబడి వంగి ఉంటుంది. లోపలి రేకు నల్లబడి బల్బు కాలును గట్టిగా పట్టుకోదు. పట్టు లేని చోట వేడి పుడుతుంది, ఆ వేడికి రేకు ఇంకా వదులవుతుంది. ఇలాంటి కప్లర్‌ను శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే. పింగాణీ కప్లర్ అయితే వేడిని బాగా తట్టుకుంటుంది. కొత్తదాని వైర్లను మెలిపెట్టి టేపు చుట్టకండి, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. టేపు జిగురు మన ఎండలకు రెండు వేసవుల్లో కారిపోతుంది.

బల్బు దగ్గర ఎంత వోల్టేజి అందుతోందో చూడటం కూడా ఇక్కడే చేయాలి. లైటు వెలుగుతుండగానే కప్లర్ వెనక నుంచి మీటరు మొనలు తగిలించి చదవండి. బ్యాటరీ దగ్గరి అంకెకూ ఇక్కడి అంకెకూ తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో నష్టం ఉంది. ఇది చిన్న తేడా కాదు. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. ‘మా కారు లైట్లు మొదటి నుంచీ చాలడం లేదు’ అనేవారు ఎక్కువ వాట్ల బల్బు కొనేముందు ఈ కొలత తీసుకోవాలి. రిలేతో, మందపాటి వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే వైరింగు కిట్ వేస్తే కంపెనీ బల్బే చాలా కార్లలో సరిపడా వెలుగునిస్తుంది.

6. ఎర్త్: అసలు చిక్కు ఎక్కువగా ఇక్కడే

బ్రేకు తొక్కితే ఇండికేటర్ సన్నగా వెలగడం, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు దానితోపాటు కొట్టుకోవడం, పార్కింగ్ లైట్లు వేసినప్పుడు మాత్రమే బ్రేక్ లైటు పనిచేయకపోవడం: ఇవన్నీ వేర్వేరు రోగాల్లా కనిపించినా కారణం ఒక్కటే. కరెంటుకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయినప్పుడు అది పక్క బల్బు తీగ గుండా దారి వెతుక్కుంటుంది. ఇలాంటి చోట స్విచ్ మార్చినా, ఇండికేటర్ కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ మార్చినా ఏమీ మారదు.

నిర్ధారణకు రెండు నిమిషాలు చాలు. మందపాటి వైరు ముక్క ఒక చివరను బ్యాటరీ నెగెటివ్‌కు గానీ, రంగు లేని శుభ్రమైన బాడీ లోహానికి గానీ తగిలించండి. రెండో చివరను అనుమానం ఉన్న లైటు ఎర్త్ కాలుకు తాకించండి. వింతలన్నీ ఆగిపోయి లైట్లు సవ్యంగా వెలిగితే ఎర్త్ లోపం ఖాయం. ఏది ఎర్త్ వైరో రంగును బట్టి ఊహించకండి. ఎక్కువ కార్లలో నలుపే అయినా యజమాని పుస్తకంలోనో మీటరుతోనో ఖాయం చేసుకోండి. కరెంటున్న వైరుకు ఈ ముక్క తాకితే ఫ్యూజు పోతుంది.

ఇక ఆ ఎర్త్ వైరు వెంట వెళ్లండి. డిక్కీ పక్క తొడుగు వెనకో, హెడ్‌లైటు కింద రేకు మీదో, ఒక బోల్టు కింద రింగులా బిగించి ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రతీరపు ఊళ్లలో నాలుగైదేళ్లు తిరిగిన కారులో ఆ బోల్టు విప్పితే రింగు మీద ఆకుపచ్చ చిలుము, కింద తెల్లటి పొడి, బోల్టు మరల్లో తుప్పు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పైనుంచి చూస్తే మాత్రం బోల్టు గట్టిగానే ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. రింగు రెండు వైపులా, దాని కింది లోహం కూడా రాగి రంగు, ఇనుము మెరుపు బయటపడేదాకా ఎమెరీ పేపరుతో రుద్దండి. గట్టిగా బిగించాక పైన పలుచగా పెట్రోలియం జెల్లీ పూయండి. జెల్లీ బిగించాకే పూయాలి.

పని ముగిశాక లైటు వెలుగుతుండగా దాని ఎర్త్ కాలుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెట్టండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగైంది. అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకో బోల్టు మిగిలి ఉంది.

7. బ్రేక్, ఇండికేటర్, రివర్స్ లైట్లు

ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. ఒకవైపు వేసినప్పుడు మాత్రమే మరీ వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు ఒకటి పోయిందని కారు మీకు చెబుతోంది. మామూలు తీగ బల్బు తీసి ఎల్ఈడీ బల్బు వేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు తక్కువ.

బ్రేక్ లైట్లు మూడూ వెలగకపోయినా, కాలు తీసినా ఆరకపోయినా బ్రేకు పెడల్ పైనున్న స్విచ్ చూడండి. పెడల్ ఆ స్విచ్‌ను తాకే చోట ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది విరిగి కింద పడితే బ్రేక్ లైట్లు రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. చాపల కింద ప్లాస్టిక్ ముక్కలు దొరికితే పారేయకండి. రివర్స్ లైటు రెండు వైపులా పోతే గేరుబాక్సు మీది స్విచ్, దాని కప్లర్ చూడాలి.

ఎలుకల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కారు వారాల తరబడి కదలకుండా ఉండే ఇళ్లలో అవి బోనెట్ కింది వైర్లను కొరికేస్తాయి. నిన్నటిదాకా బాగున్న లైట్లు, సంబంధం లేనివి రెండు మూడు, ఒకేసారి పోతే బ్యాటరీ పళ్లెం కింద, హెడ్‌లైటు వెనక టార్చి వేసి చూడండి.

8. డాష్‌బోర్డు వెలుగు

రాత్రి స్పీడోమీటరు కనిపించకపోతే ముందు ఏమీ విప్పకండి. పార్కింగ్ లైట్లు వేసి వెలుగు తగ్గించే చక్రం వెతకండి. కొన్ని కార్లలో అది స్టీరింగు పక్కన ఉంటుంది, కొన్నింటిలో ట్రిప్ మీటరు మీటనే తిప్పాలి, కొన్నింటిలో తెరలోని సెట్టింగుల్లో ఉంటుంది. కారు కడిగినప్పుడో, పిల్లలు ఆడుకున్నప్పుడో, సర్వీసులోనో అది అడుగుకు తిరిగిపోవడం చాలా మామూలు. షెడ్డుకు పోయేముందు చూడాల్సిన మొదటి విషయం ఇదే.

చక్రం తిప్పినా వెలగకపోతే కారు దిగి టెయిల్ లైట్లు చూడండి. అవి కూడా ఆరి ఉంటే చాలా కార్లలో పార్కింగ్ ఫ్యూజు పోయినట్టే, ఎందుకంటే డాష్‌బోర్డు వెనక వెలుగు అదే ఫ్యూజు మీద నడుస్తుంది. ఈ ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే రెండు చోట్లు ముందుగా చూడండి. ఒకటి, డిక్కీ తలుపులోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగి, పైపొర చిట్లి, రేకుకు తగులుతాయి. రెండు, బయట బిగించిన స్టీరియో. దాని తెర రాత్రి మసకబారడానికి పార్కింగ్ లైట్ల నుంచి ఒక వైరు ఇస్తారు; దాని కొస వదిలేసి ఎక్కడో తగిలితే వెనక టెయిల్ లైట్లు ఆరిపోతాయి. స్టీరియో పెట్టించిన నెలలోపే ఈ ఫిర్యాదు మొదలైతే అనుమానం దాని మీదికే పోవాలి.

టెయిల్ లైట్లు బాగుండి మీటరు ప్యానెల్‌లో ఒక భాగమే చీకటిగా ఉంటే లోపలి బల్బు పోయింది. పాత కార్లలో ఇవి పావు తిప్పు తిప్పితే వచ్చే చిన్న బల్బులు. ప్యానెల్‌ను బయటికి లాగి ఓపికగా మార్చుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో అయితే స్టీరింగు భాగాలు విప్పాల్సివస్తే అక్కడితో ఆగి నిపుణుడికి అప్పగించండి. కొత్త కార్లలో ఎల్ఈడీలు బోర్డుకే టంకం పెట్టి ఉంటాయి, అది మీటర్లు బాగుచేసేవారి పని. గతుకులో పడినప్పుడల్లా ప్యానెల్ మొత్తం ఆరి వెలుగుతుంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఆ తర్వాత ప్యానెల్ వెనక కప్లర్ చూడాలి.

హెచ్చరిక దీపాల పరీక్ష వేరు. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసినప్పుడు బ్యాటరీ, ఆయిల్, ఇంజను, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలగాలి. స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లలో ఆరాలి. తాళం ఆన్ చేసినా ఏదైనా దీపం అసలు వెలగకపోతే అది మంచి సూచన కాదు. దాని బల్బు పోయి ఉండవచ్చు, లేదా లోపాన్ని దాచడానికి ఎవరైనా తీసేసి ఉండవచ్చు. పాత కారు కొనేటప్పుడు ఈ పరీక్ష తప్పక చేయండి. ప్రయాణంలో ఎర్ర బ్యాటరీ దీపం సన్నగా వెలుగుతుంటే డైనమో తగినంత ఛార్జ్ చేయడం లేదు, రాత్రి దూర ప్రయాణం పెట్టుకోకండి. ఆయిల్ దీపం వెలిగితే మాత్రం కారు పక్కకు తీసి ఇంజను వెంటనే ఆపేయాలి.

ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. చాలా కొత్త కార్లలో మీటరు ప్యానెల్ పగలూ రాత్రీ వెలిగే ఉంటుంది, ముందు పగటి దీపాలు కూడా వాటంతటవే వెలుగుతాయి. వీధి దీపాలున్న ఊళ్లో హెడ్‌లైట్లు వేశామనుకుని బయల్దేరితే వెనక ఒక్క ఎర్ర దీపమూ వెలగదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం వెనక ఎర్ర దీపాలు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. హైదరాబాద్–విజయవాడ రహదారిలాంటి చోట్ల దీపాల్లేని వాహనం వెనక వచ్చేవారి ప్రాణాల మీదికి తెస్తుంది. ప్యానెల్ వెలుగును చూసి కాదు, దాని మీది ఆకుపచ్చ లైటు గుర్తును చూసి బయల్దేరండి.

9. పసుపెక్కిన అద్దం, లోపల తేమ

హెడ్‌లైటు పైతొడుగు ఇప్పటి కార్లలో గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండకు దాని పైపూత పోయి పసుపెక్కుతుంది. చుట్టూ రంగు మీద టేపు వేసి, నీళ్లు చల్లుతూ 1000, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ చేసి, చివర ఎండను తట్టుకునే పూత వేయండి. ఈ చివరి పూత వదిలేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టు మెరుపు ఇంకా త్వరగా పోతుంది.

వాన తర్వాత లోపల పలుచని ఆవిరి పట్టి, లైట్లు వేసుకుని కాసేపు తిరిగితే పోతుంటే కంగారు అక్కర్లేదు. నీటి బొట్లు కారి అడుగున నిలిస్తే బూటు గానీ, తొడుగు అతుకు గానీ పోయింది. నీరు తీసి, ఆరబెట్టి, అతుకు సరిచేశాకే బల్బు వేయండి.

10. కిరణం ఎత్తు సరిచూడటం

బల్బు మార్చిన ప్రతిసారీ ఇది చేయాలి. టైర్లలో గాలి సరిచూసి, కారు లోపల కిరణం ఎత్తు మార్చే చక్రాన్ని 0 మీద పెట్టి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోగా, చదునైన నేల మీద గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో కారు ఆపండి. హెడ్‌లైటు మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. డిప్ కిరణం పై అంచు ఆ టేపు కంటే 10 సెంటీమీటర్లు కిందకు పడాలి. హెడ్‌లైటు మీద 1.0% బదులు 1.2% అని ముద్రించి ఉంటే 12 సెంటీమీటర్లు. మన దేశంలో ఆ అంచు ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది, అది లోపం కాదు. రోడ్డుకు కుడిపక్కన నడిపే అమెరికా వంటి దేశాల్లో అది కుడివైపు లేస్తుంది. హెడ్‌లైటు వెనక మరను అర తిప్పు చొప్పున తిప్పుతూ, ఒక లైటును గుడ్డతో కప్పి రెండోదాన్ని సరిచేయండి.

ఎక్కువ వాట్లు, ఎల్ఈడీ బల్బుల గురించి

55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. 100 వాట్లది 8.3 తీసుకుంటుంది. అంత కరెంటుకు కంపెనీ వైరు, కప్లర్, స్విచ్ తయారు కాలేదు; ఐదో దశలో చెప్పిన మాడిన కప్లర్లకు ఈ బల్బులు ఒక ముఖ్య కారణం. ఇక హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారి కిరణం చెదురుతుంది. మీకు ఎదుటి రోడ్డు తెల్లగా కనిపిస్తుంది గానీ ఎదురుగా ద్విచక్ర వాహనం మీద వచ్చేవారికి కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు. గోడ పరీక్షలో స్పష్టమైన అంచు రాకపోతే ఆ బల్బు తీసేయడమే సరైన పని.

పని సరిగా అయిందని ఎలా తెలుస్తుంది?

మొదటి దశలో రాసుకున్న కాగితం తీసి, అదే వరుసలో లైట్లన్నీ మళ్లీ వేసి చూడండి. హెడ్‌లైట్లు 20 నిమిషాలు వెలిగించి, ఆర్పి, కప్లర్ వెనక భాగాన్ని జాగ్రత్తగా తాకండి. వెచ్చగా ఉండవచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పట్టు ఇంకా వదులుగానే ఉంది. గతుకుల దారిలో ఒకసారి, కారు కడిగిన మర్నాడు ఒకసారి ఇదే పరీక్ష చేయండి. ఎర్త్ లోపాలు, తేమ లోపాలు మొదటి రాత్రి కనిపించకుండా ఈ రెండు సందర్భాల్లో తిరిగొస్తాయి.

కొత్త ఫ్యూజు వెంటనే పోయినా, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా, కంపెనీ ఎల్ఈడీ దీపం లోపలే చెడినా, లైట్లను కంప్యూటర్ నడిపే కారులో స్విచ్‌కు సంబంధం లేకుండా లైట్లు వెలుగుతున్నా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికో, సర్వీస్ సెంటరుకో వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లి, ఏ లైట్లు కలిసి పోయాయో, ఏ ఫ్యూజు ఎప్పుడు పోయిందో, మీటరు ఎన్ని వోల్టులు చూపించిందో చెప్పండి. ఏ వైరునైనా కోసేముందు మీకు చూపించమని అడగండి, మార్చిన పాత సామాను తిరిగి తీసుకోండి.